కోర్స్‌వర్క్ సంతకాలకేనా?

పోయిన నెల మా ఊరి తమ్ముడొకడు ఫోన్ చేసిండు. ఎంబీఏ చదివి హైదరాబాద్ శివార్ల ఓ ప్రైవేటు కాలేజీల పాఠాలు చెప్తడు. మేనేజ్‌మెంట్ల పీహెచ్‌డీ సీటొచ్చిందని సంబురంగ చెప్పి, ఎంటనే గొంతు తగ్గించి అడిగిండు: "అన్నా, కోర్స్‌వర్క్ అంటున్రు. ఆర్నెల్లు క్లాసులంట, మల్ల పరీక్షలంట. గది తప్పించుకునే ఉపాయమేమన్న ఉందా?"

ఉంది. పదేండ్ల కింద నేను తప్పించుకున్న. గందుకే వానికి ఎంటనే జవాబు చెప్పబుద్ధి కాలే.

మన దగ్గర పీహెచ్‌డీ అంటే ఓ గైడ్ దొరకాలె, ఓ టాపిక్ దొరకాలె, నాలుగైదేండ్లకు బైండింగ్ చేసిన లావు పుస్తకం ఇయ్యాలె అనుకుంటరు. 2009ల యూజీసీ రూల్స్ తెచ్చి, సీటొచ్చినోళ్లు కనీసం ఒక సెమిస్టర్ క్లాసులల్ల కూసోవాలె అన్నది. 2016 రూల్స్‌ల అది కనీసం 8 క్రెడిట్లు. 2022 నవంబర్‌ల వచ్చిన ఇప్పటి రూల్స్‌ల 12 క్రెడిట్లు. ఒక క్రెడిట్‌కు 15 గంటల క్లాసు లెక్క పెట్టుకుంటే 180 గంటలు. అందుల రీసెర్చ్ మెథడాలజీ ఉండాలె, పరిశోధనల నీతి గురించి చెప్పే రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ కోర్సు ఉండాలె. కోర్స్‌వర్క్‌ల 55 శాతం మార్కులు రాకుంటే థీసిస్ ఇయ్యనియ్యరు. ఫిజిక్స్‌కైనా, తెలుగుకైనా, బిజినెస్ మేనేజ్‌మెంట్‌కైనా ఇదే రూలు.

కాయితం మీద రూలు మంచిగనే ఉంది. నా కాలంల నడ్సింది వేరే. నేను చేరిన యూనివర్సిటీల సెమిస్టర్ మొత్తంల మాకు అయిన క్లాసులు పది దాటలే. మిగిలినయన్ని రిజిస్టర్‌ల సంతకాలే, ఒక్క పూటల నెల రోజులవి పెట్టేది. ప్రీ పీహెచ్‌డీ పరీక్షకు ముందు జిరాక్స్ సెంటర్ల పాత పేపర్లు, రెడీమేడ్ నోట్సు దొరికినయ్. అవే బట్టీ కొట్టిన. శాంపిలింగ్ ఎన్ని రకాలో వరుసగ రాసి మార్కులు తెచ్చుకున్న. నిజం చెప్పాలంటే అప్పుడు మస్తు ఖుషీగుండె. ఆర్నెల్లు మిగిలినయ్ అనుకున్న.

నా టాపిక్ మహిళా పొదుపు సంఘాల లోన్లు. లోన్ తీస్కున్నంక ఆడోళ్ల సంసారం మెరుగైందా లేదా చూడాలె. నలభై ప్రశ్నల కాయితం తయారు చేసిన. ప్రతి ప్రశ్నకు 'పూర్తిగా ఒప్పుకుంటా' నుంచి 'అస్సలు ఒప్పుకోను' దాంక ఐదు గడులు. సంఘం మీటింగ్ ఉన్న దినం ఊర్లకు వోయేది, వీవోఏ అక్క అందర్ని కూసోబెట్టేది, నేను అడ్గుకుంట టిక్కులు పెట్టేది. ఓ ఊర్ల ముసలవ్వ పది ప్రశ్నలకే యాష్టకొచ్చి, "బిడ్డా, నీకు ఏది మంచిగుంటదో గదే గీస్కో, నాకు బర్రె పాలు పిండే యాళ్ల అయితుంది" అన్నది. నవ్వుకుంట గీస్కున్న.

మూడేండ్లయినంక ప్రీ సబ్మిషన్ సెమినార్ పెట్టిన్రు. వేరే డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన ఓ మేడం నా టేబుళ్లన్ని చూసి ఒక్కటే అడిగింది: "లోన్ కట్టలేక సంఘం నుంచి ఎళ్లిపోయినోళ్లను ఎంతమందిని కలిసినవ్?" ఒక్కరిని గూడ కలువలే. మీటింగ్‌కు వచ్చేదే లోన్ కడుతున్నోళ్లు. వాళ్లను మాత్రమే అడిగి, లోన్లతోని అందరి సంసారాలు మెరుగైనయని నేను 300 పేజీలు రాసిన. పైంగ వీవోఏ అక్క పక్కనుండంగ లోన్‌తోని లాభం లేదని ఎవరంటరు? మల్ల ఊర్లకు తిర్గి, సంఘాలు ఇడిసిపెట్టినోళ్లను ఎతికి, మొత్తం తిరగ రాసేవరకు ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఆర్నెల్లు మిగిలినయ్ అనుకున్న కదా.

ఈ సంగతి రీసెర్చ్ మెథడాలజీ క్లాసుల రెండో వారంల చెప్పాలె. ఎవర్ని అడిగినవ్, ఎవర్ని ఇడిసిపెట్టినవ్, అడిగేటప్పుడు పక్కన ఎవరున్నరు. జిరాక్స్ నోట్సుల ఈ మాటలన్ని ఉన్నయ్. ఊర్ల నిలవడ్డప్పుడు అవి నా కంటికి కనవడలే.

మేనేజ్‌మెంట్ల ఈ రోగం ఇంకింత ఎక్కువ. కెమిస్ట్రీ పిలగాడు ల్యాబ్‌ల తప్పు చేస్తే ప్రయోగం ఫలితమియ్యదు. మా దగ్గర గూగుల్ ఫామ్ ఒకటి చేసి వాట్సాప్ గ్రూపులల్ల తోలితే దినం తిరిగేవరకు దోస్తులంత నింపుతరు, సాఫ్ట్‌వేర్‌ల ఏస్తే ఏదో ఓ అంకె బైటికొస్తది. సాఫ్ట్‌వేర్ ఎన్నడు ఎదురు తిరగదు. అమెరికాల గూడ ఒకప్పుడు బిజినెస్ చదువు పల్చగుండె. 1959ల ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ పైసలు పెట్టి చేయించిన రెండు రిపోర్టులు ఆ చదువును కడిగిపారేసినయ్. ఆ తర్వాతనే స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, సైకాలజీ లోపటికి గట్టిగ వచ్చినయ్. ఇప్పుడు అక్కడ మంచి బిజినెస్ స్కూళ్లల్ల పీహెచ్‌డీ పిలగాండ్లకు సుమారు రెండేండ్లు క్లాసులే ఉంటయ్. అయి అయినంక పెద్ద పరీక్ష, ఆ తర్వాతనే థీసిస్.

మన దేశంల ఐఐఎంలు ఇదే పద్ధతిల నడుస్తయ్. వాళ్లు మొదట డిగ్రీ కాకుంట 'ఫెలో' అని ఇచ్చేది, 2017 చట్టం వచ్చినంక పీహెచ్‌డీ డిగ్రీ ఇస్తున్నరు. అక్కడ గూడ మొదటి రెండేండ్లు పెద్ద మొత్తం క్లాసులకే పోతయ్, నెలనెల పైసలు ఇస్తరు. తెలంగాణల ఐఐఎం లేదు. విశాఖల, నాగపూర్‌ల ఉన్నయ్. అక్కడ రెండేండ్లు గణితం, ఎకనామిక్స్ నూరి వచ్చినోడు, ఇక్కడ పది క్లాసులతోని గట్టెక్కినోడు రేపు ఒకే ఉద్యోగానికి ఇంటర్వ్యూల కూసుంటరు. పట్నంల పెద్ద స్కూళ్లల్ల చదివిన పిలగాడు క్లాసు కాకపోయినా ఎట్లనో నేర్చుకుంటడు, అడగనీకి ఇంట్ల మనుషులుంటరు. ఇంట్ల మొదటి డిగ్రీ మనదే అయితే మనల్ని ఆదుకునేది క్లాసొక్కటే. కోర్స్‌వర్క్ ఉత్తగ నడిస్తే ఎక్కువ మునిగేది మనమే.

తప్పు పిలగాండ్లదే అనను. రాష్ట్ర యూనివర్సిటీలల్ల ఏండ్ల సంది ప్రొఫెసర్ పోస్టులు ఖాళీ. చెప్పేటోళ్లు లేనిది 180 గంటలు ఎవరు చెప్పాలె? ఇంకోటి, పైసలు. జేఆర్ఎఫ్ వచ్చినోళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. రానోళ్లు పొద్దంత ఏడనో ఓ కాడ పాఠం చెప్తేనే పూట గడుస్తది. వాళ్లను పొద్దున క్లాసుకు రమ్మంటే యాడికెల్లి వస్తరు?

కానీ రూల్స్‌ల మనకు పనికొచ్చే మాటలు రెండున్నయ్, చాన మందికి ఎరుక లేదు. పార్ట్ టైం పీహెచ్‌డీ చేసేటోళ్లు తమ కాలేజీ నుంచి ఎన్‌వోసీ తేవాలె. అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం డ్యూటీ నుంచి ఇడిసిపెడ్తమని అందుల రాసి ఉండాలె. మేనేజ్‌మెంట్ సంతకం పెట్టినంక గది మీ హక్కు. రెండోది, యూజీసీ ఒప్పుకున్న ఆన్‌లైన్ కోర్సులను గూడ ఈ క్రెడిట్లల్ల లెక్కవెట్టుకోవచ్చు, మీ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ సిఫారసు చెయ్యాలె. డిపార్ట్‌మెంట్ల స్టాటిస్టిక్స్ చెప్పేటోళ్లు లేరంటే ఆన్‌లైన్‌ల వేరే మంచి సార్ దగ్గర నేర్చుకునే తోవ ఉంది. అడిగేటోళ్లే తక్కువ.

ఇదంత ఎందుకు, ఫోన్ల డీబీఏ అడ్వటైజ్‌మెంట్లు వస్తున్నయ్ కదా, ఇంట్ల కూసోని పేరు ముందర డాక్టర్ పెట్టుకోవచ్చు అంటరు కొందరు. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతోని కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబర్లనే హెచ్చరించినయ్. డీబీఏ అంటే ఆల్రెడీ పెద్ద ఉద్యోగంల ఉన్నోళ్లకు బైటి దేశాలల్ల ఉన్న చదువు, మంచి చోట అది గూడ క్లాసులు చెప్పే ఇస్తరు. లెక్చరర్ పోస్టు కోసం అప్పు చేసి దాంట్ల లక్షలు పెట్టేముందు, ఆ పట్టా ఇక్కడ నడుస్తదా లేదా రాతపూర్వకంగ తెప్పించుకోండ్రి.

ఆఖరికి తమ్మునికి నేను ఒక్కటే పని చెప్పిన. తప్పించుకునే ఉపాయం పక్కన పెట్టు, డిపార్ట్‌మెంట్‌కు వోయి కోర్స్‌వర్క్ టైంటేబుల్ అడుగు, ఏ పేపర్ ఎవరు చెప్తరో రాసియ్యమను. మొన్న మల్ల ఫోన్ చేసిండు. మూడుసార్లు పోయిండంట. క్లర్కు నవ్విండంట, "గిది అడిగినోడివి నువ్వే" అన్నడంట. టైంటేబుల్ మాత్రం ఇంక బోర్డు మీద పడలే. వచ్చే సోమవారం తనతోని చేరిన ఇంకో నలుగుర్ని తోల్కపోతనన్నడు.