కుమార్తె పేరు వ్రాశారా?



సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే యెదుట నిలిచి, తండ్రి స్వాస్థ్యములో వంతు అడిగారు. వారు అడిగినది న్యాయమేనని దేవుడు చెప్పాడు.

మన పొరుగున తెలంగాణలో 1946 నుండి 1951 వరకు సాయుధ పోరాటము జరిగింది. మల్లు స్వరాజ్యం వంటి స్త్రీలు తుపాకి పట్టారు. ఎందరో తల్లులు దళాలకు అన్నం పెట్టారు, దెబ్బలు తిన్నారు. పోరాటము ఆగాక చాలామందికి వినబడిన మాట, ఇక ఇంటికి వెళ్ళమని. ఆ బాధను వారి నోటనే విని, స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చువేసింది.

కష్టకాలములో కావలసిన స్త్రీ పంపకాల వేళ అక్కరలేదా? మన సంఘములలోనూ నాట్లు వేసేది ఆమె, ముసలి తండ్రికి గంజి పోసేది ఆమె. కాగితాలు వ్రాసే రోజున మాత్రం "కట్నం ఇచ్చాముగా" అంటాము. ఆ కట్నము 1961 నుండి నేరము. క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము భార్యకు మూడవ వంతు, మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ సమానము. ఎన్నో పెండ్లిళ్ళు జరిపించిన నేను ఈ మాట ఎన్నడూ చెప్పలేదు. అది నా తప్పు.

ఆ ఐదుగురి పేర్లను బైబిలు విడువక వ్రాసింది. మీ దస్తావేజులలో మీ కుమార్తె పేరు ఉన్నదా?

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.