కంచ బంజరెట్లయితది?

మమ్మల్ని బంజారాలంటారు, మా పశువులు మేసే నేలను బంజరంటారు. ఈ రెండు మాటలకు చుట్టరికం లేకపోవచ్చు గాని, వినీ వినీ మాకు ఒక్క తీరుగానే వినపడుతున్నాయి.

ఉపగ్రహ చిత్రాలు చూసి తయారుచేసే బంజరు భూముల అట్లాసు 2000లో వచ్చింది, 2019లో మళ్లీ వచ్చింది. తుప్పలున్న గడ్డి నేలనూ, చెడిపోయిందన్న మేత భూమినీ బంజరు పద్దులోనే వేసింది. ఆ పద్దులో పడితే ఖాళీ కిందే లెక్క. సోలారు పలకలకైనా ఇయ్యొచ్చు, మొక్కల పథకానికైనా ఇయ్యొచ్చు.

పాలమూరు మెరక మీద తవ్వి చూడండి. చాలా చోట్ల జానెడు ఎర్రమన్ను, దాని కింద గులక, మొరం. వాన ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. ఈ చల్క నీళ్లను పట్టుకోదు. మన్ను కొట్టుకుపోకుండా పట్టుకునేది గడ్డి వేరు. బోదగడ్డి, గరిక ఎండాకాలం పైన ఎండి కింద బతికే ఉంటాయి, తొలకరికి లేస్తాయి. ఏప్రిల్‌లో ఫోటో తీసి ఇక్కడ ఏమీ లేదనడం, నిద్రపోయేవాణ్ని చూసి చచ్చాడనడమే. అక్కడ నీలగిరికి గుంతలు తవ్వితే మొరం పైకొస్తుంది. ట్యాంకరు ఆగిన నాడు మొక్క ఎండుతుంది, తవ్విన చోట గడ్డీ ఉండదు.

కంచలో మేసిన మందను రైతు రాత్రి తన పొలంలో కట్టించుకుంటాడు. మెరక మీది గడ్డే పేడై, పెంటికలై పల్లపు వరికి బలమవుతుంది. ఆ రైతునడగండి, కంచ బంజరేనా అని.

మాలోనూ తప్పుంది. పట్టా వస్తుందని కంచను ట్రాక్టరుతో దున్ని పత్తి పెట్టినవాళ్లం మేమే. పత్తి నల్లరేగడి పంట. చల్క మీద రెండు వానలు తప్పేసరికి పెట్టుబడి పోయింది, దున్నిన మన్ను వాగు పాలైంది. కానీ దున్నినవాడికే కాగితం, మేపినవాడికి ఏదీ లేదంటే ఎవరైనా ఇంకేం చేస్తారు?

2006 అటవీ హక్కుల చట్టం మేపుకునే హక్కును రాసింది, కాని అది అడవి భూమికే. రెవెన్యూ లెక్కలో గైరాన్‌గా, పోరంబోకుగా ఉన్న కంచకు అది వర్తించదు.

ఆషాఢంలో సీత్లా దాటుడు పండుగకు తాండా పశువులన్నిటినీ తోలుకొస్తాం. ఏటేటా మంద చిన్నదవుతోంది. మనిషికో పట్టా అడగడం లేదు మేము. కంచను బంజరు పద్దులోంచి తీసి, మేత భూమిగా తాండా పేరున ఉమ్మడిగా రాయమంటున్నాం. రాసేదాకా అక్కడ గుంత తవ్వనియ్యం.