కాలిన బిడ్డకు పథ్యమేల?

మరుగుచున్న గంజి మీదపడి బొబ్బలెక్కిన బిడ్డను ఆసుపత్రినుండి యింటికి దెచ్చిన నాడే మన యిండ్లలో పెద్దల శాసనము వెలువడును. పప్పు పెట్టరాదు, చీము పట్టును. గ్రుడ్డు పెట్టరాదు, వేడిచేయును. వంకాయ దురద, పెరుగు జలుబు. ఇక మిగిలిన దేమి? చారుమెతుకులు, బ్రెడ్డుముక్క, టీనీళ్లలో ముంచిన బిస్కత్తు. ఈ శాసనము ప్రేమచేతనే పుట్టినదని మే మెరుగుదుము. అయినను కాలిన గాయముల విషయమున నిది బిడ్డపాలిటికి శత్రువని చెప్పక తప్పదు.

బొంతపల్లి పేరు వినగానే పలువురకు వీరభద్రస్వామి జ్ఞప్తికి వచ్చును. నేడా గ్రామము చుట్టును, గడ్డపోతారము, బొల్లారము మొదలుకొని పాశమైలారము, పటాన్‌చెరువు వరకు, కర్మాగారములు వ్యాపించియున్నవి. అందు మందులు చేయునవి మెండు. దూరదేశములనుండి వచ్చిన కూలివారు పలువురు ఒంటిగదిలో కాపురముండి నేలమీదనే పొయ్యి పెట్టి వండుకొందురు. అన్నము మరుగుటయు, పసిబిడ్డ ప్రాకుటయు ఆ గదిలోనే. 2025 జూన్ 30న పాశమైలారమందలి సిగాచి కర్మాగారము ప్రేలి 40 మందికి మించి మరణించినప్పుడు దేశమంతయు నిటు చూచినది. చూడవలసినదే. కాని యొక గదిలో నొక గిన్నె యొరిగి యొక బిడ్డ కాలినచో నే పత్రికయు వ్రాయదు. మన దేశమున ఏటేట పదిలక్షలకు మించినవారు ఒక మోస్తరుగనో తీవ్రముగనో కాలుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పసివారి విషయమున నిప్పుకంటె వేడినీళ్లు, గంజి, పులుసు పైబడుటయే యెక్కువ.

చర్మము కాలినప్పుడు దేహమునకు గలుగు నష్టము కంటికి గనబడునంత మాత్రము గాదు. తెరచిన గాయమునుండి నీరును, దానితో మాంసకృత్తులును, జింకు, రాగి వంటి సూక్ష్మలోహములును నిరంతరము స్రవించుచుండును. ఒంటివేడి నిలువదు. దానిని నిలుపుకొనుటకు దేహము రేయింబవళ్లు శ్రమించును. పెద్దగాయమైనచో విశ్రాంతిగా పండుకొనియున్న బిడ్డకే మామూలునకు ఒకటిన్నర రెట్లు, ఒక్కొక్కప్పుడు రెండు రెట్ల దాక శక్తి ఖర్చగును. పళ్లెములోనుండి అది రానిచో దేహము తన కండనే వంటచెరకుగా వాడుకొనును. కండ నూటికి 10 పాళ్లు తరిగినచో రోగనిరోధశక్తి సన్నగిల్లును. 20 పాళ్లు తరిగినచో గాయము మానుట మందగించును. 40 పాళ్లు తరిగినచో ప్రాణము నిలుచుట దుర్లభము. ఆసుపత్రి విడిచినంతనే యీ కరగుట ఆగదు. తీవ్రముగ గాలిన బిడ్డలలో నిది యేడాదికి మించియు సాగుననియు, వారి యెదుగుదల వెనుకబడుననియు వైద్యులు కనుగొనిరి.

చీము పుట్టునది సూక్ష్మక్రిములవలన, పప్పువలన గాదు. ఆ క్రిములతో పోరాడు తెల్లకణములకును, క్రొత్తచర్మమునకును ముడిసరకు మాంసకృత్తులే. పప్పు మాన్పించుట యనగా యుద్ధభూమిలోనున్న సైన్యమునకు తిండి నిలిపివేయుటయే. జ్వరములలో లంఖణము మేలని పూర్వులు చెప్పిరి గదా యని కొంద రందురు. ఆ వాదమును మేమిచ్చట ఎత్తికొనము. కాలినగాయము జ్వరము గాదు.

లెక్క వేసి చూతము. నాలుగేండ్ల బిడ్డ 14 కిలోలు తూగుననుకొందము. ఆరోగ్యముగా నున్నప్పుడు దినమునకు 14, 15 గ్రాముల మాంసకృత్తులు చాలును. బాగుగ గాలినప్పుడు కిలోకు 3 గ్రాముల చొప్పున, అనగా 42 గ్రాములు వైద్యులు కోరుదురు. మూడుపూటల అన్నమునుండి వచ్చునది 12 గ్రాములకు మించదు. రెండు గ్రుడ్లు 12, అరలీటరు పాలు 16, ముప్పది గ్రాముల కందిపప్పు 6, అంతే తూకము పల్లీలపొడి 7. అన్నము గాక యివియే 41. ఇందు అంగడిలో దొరకనిది గాని, డబ్బాలలో విదేశములనుండి రావలసినది గాని యొక్కటియు లేదు. ఉసిరి, జామ చేర్చినచో సి విటమినునకు గొదువ యుండదు. జింకు మొదలగునవి యెంత కావలయునో వైద్యుడు నిర్ణయించును. రోగిని చూడబోవువారు బ్రెడ్డుపొట్లము, బత్తాయిలు పట్టుకొని పోవుట మన మర్యాద. ఈ వార్డునకు బోవువారు ఉడికించిన గ్రుడ్లు పట్టుకొని పోయినచో మేలు.

కాలిన బిడ్డ మనకు నిండుబలముతో దొరకుట లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత గలదు. 33 మంది వయసుకు తగిన యెత్తు ఎదుగలేదు. 2025 ఏప్రిల్ నుండి రేషనుకార్డుమీద తలకు 6 కిలోల సన్నబియ్యము వచ్చుచున్నది. మంచిదే. కాని గాయము మాన్పునది బియ్యము గాదు.

ఆసుపత్రులలోను సరిదిద్దుకొనవలసినది కలదు. కట్టు మార్చుటకో, చర్మమంటించుటకో మత్తుమందు ఇయ్యవలసియున్నప్పుడు బిడ్డను పస్తుంచుదురు. వరుస యాలస్యమైనచో ఆ పస్తు సాయంకాలము దాక సాగును. వారమునకు రెండుమూడు మారులిట్లు జరిగినచో దినముల తిండి పోయినట్లే. పిల్లలను ఉదయపు వరుసలో మొదట బిలుచుటకు పైసా ఖర్చు లేదు. తినలేని బిడ్డకు ముక్కుగొట్టము ద్వారా తొలి గంటలనుండియే పాలు, జావ వంటి ద్రవాహార మిచ్చుట నేటి శాస్త్రసమ్మతము. గొట్టము చూచి తలిదండ్రులు బెదరుదురు. అది ప్రాణాపాయ చిహ్నమని తలంతురు. వారికి నచ్చజెప్పు పోషకాహార నిపుణురాలు ప్రతి కాలినగాయముల వార్డునందును ఉండవలయును. ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో చర్మనిధి యేర్పడినది. 1918లో కూనూరున మెక్కారిసను ఆరంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో నున్నది. చర్మమిచ్చు సంస్థయు, తిండిని శోధించు సంస్థయు ఒకే నగరమున నుండగా మన బిడ్డలు చారుమెతుకులతో నీరసించుట సిగ్గుచేటు.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పదిలక్షల రూపాయలకు పెంచిరి. శస్త్రచికిత్సకు ధనమున్నది, ఇంటికిపోయిన పిదప పళ్లెములో నేమి పడునో చూచు నాథుడు లేడు. రెండు గ్రుడ్లకును అరలీటరు పాలకును దినమునకు సుమారు 50 రూపాయలు. ఏడాదికి పదునెనిమిది వేలు. గర్భిణులకు, బాలెంతలకు గ్రుడ్డును పాలును ఇచ్చు ఆరోగ్యలక్ష్మి 2015 జనవరి 1న ఆరంభమైనది. ఆ అంగన్వాడీ త్రోవనే, వైద్యుని చీటిమీద, కాలిన బిడ్డకు ఏడాదిపాటు ఇచ్చుటకు అడ్డేమి? కూలివాని బిడ్డకు ఇచ్చటి కార్డు లేదని త్రిప్పిపంపరాదు. గాయము చిరునామా అడిగి మానదు గదా. ప్రభుత్వము జాగుచేసినచో బొంతపల్లి చుట్టునున్న మందుల కంపెనీలు ముందుకు రావలయును. 2013 కంపెనీల చట్టము పెద్దకంపెనీల లాభములో నూటికి రెండు పాళ్లు సాంఘికకార్యములకు వ్యయింపుమన్నది. అందుండి తమ చుట్టుపట్ల గ్రామముల బిడ్డలకు పాలు పోయుట వారికి భారము గాదు.

వైద్యులకొక మనవి. బిడ్డను ఇంటికి బంపునపుడు మందులచీటిలో మందుల సరసనే గ్రుడ్డు, పప్పు, పాలు ఎన్నెన్ని పూటలో తెలుగునను, హిందీనను, ఒడియానను వ్రాసి యిండు. దానిని తల్లికి మాత్రమే గాక, వెంటవచ్చిన నాయనమ్మకును చదివి వినిపింపుడు. ఇంట వంటశాసన మామెది.