నర్సింగు విద్య: బీరువాలో బొమ్మ

నర్సింగు విద్యను నియంత్రించే 1947 నాటి శాసనం స్థానే కొత్తది తేవడానికి పార్లమెంటుకు 76 ఏళ్లు పట్టింది. 2023 జూలై 28న, మణిపూర్ ఘటనలపై ప్రతిపక్షాల నినాదాల హోరు మధ్య, లోక్‌సభ జాతీయ నర్సింగు, ప్రసూతి సేవల కమిషన్ బిల్లును ఆమోదించింది. ఆగస్టు 8న రాజ్యసభ కూడా సరేనన్నది. అంతకు ముందు, ఏప్రిల్‌లోనే, 1,570 కోట్ల రూపాయల వ్యయంతో 157 ప్రభుత్వ నర్సింగు కాలేజీల స్థాపనకు కేంద్ర మంత్రివర్గం అనుమతించింది. 2014 తర్వాత కేంద్ర పథకం కింద వచ్చిన వైద్య కళాశాలల పక్కనే వీటిని నెలకొల్పాలన్నది నిర్ణయం. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌కు 3 దక్కగా, తెలంగాణకు ఒక్కటీ రాలేదు. దీనిపై హైదరాబాదులో రేగిన ఆగ్రహం సహేతుకమే. కాని ఎవరికెన్ని అన్న తగవులో, అక్కడ ఏమి, ఎట్లా నేర్పుతారన్న సంగతి మరుగున పడింది.

అర్ధరాత్రి వార్డులో రోగి గుండె ఆగినప్పుడు పక్కన ఉండేది సాధారణంగా డాక్టరు కాదు, నర్సు. ఛాతీ నొక్కకుండా, విద్యుద్ఘాతం ఇవ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఛాతీని 5, 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని పుస్తకంలో ఉన్నది. ఆ లోతు ఎంతో చేతులకు తెలియాలి గదా! దానిని కొనప్రాణంతో ఉన్న మనిషిపై నేర్చుకోవడం అన్యాయం. అందుకే బొమ్మ. నార్వే ఆటబొమ్మల తయారీదారు లేర్‌డాల్ 1960లో చేసిన తొలి బొమ్మకు, పారిస్‌లో సెన్ నదిలో మునిగి మరణించినదని చెప్పుకునే ఒక అజ్ఞాత యువతి ముఖాన్ని పెట్టాడు.

నేటి బొమ్మలకు నాడి కొట్టుకుంటుంది, లయ తప్పుతుంది, ఆగుతుంది. ఒకరు ఛాతీ నొక్కగా, ఒకరు శ్వాస అందించగా, మరొకరు మందు మోతాదును బిగ్గరగా తిరిగిచెప్పి ఎక్కించే సాధన ఇది. ఆజ్ఞ కోసం ఎదురుచూడడమే వినయంగా నేర్పిన మన ఆస్పత్రులలో నర్సుకు గొంతు విప్పడం నేర్పడమే ఇందులో విప్లవం.

2021లో గెజెట్‌కెక్కిన బి.ఎస్సీ. నర్సింగు పాఠ్యక్రమం అనుకరణ శిక్షణకు చోటిచ్చింది. రాజధాని పొరుగున గురుగ్రామ్‌లో జాతీయ స్థాయి అనుకరణ శిక్షణా కేంద్రమూ ఉన్నది. చిక్కంతా తనిఖీలలో. స్టాకు రిజిస్టరులో పేరుండి, పాడవుతుందన్న భయంతో బీరువా దాటని బొమ్మ ఎవరినీ బతికించదు. పైగా ఈ నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లోనే సన్నగిల్లుతుంది. నాలుగేళ్ల చదువులో ఒక్కనాటి ప్రదర్శన కంటితుడుపు మాత్రమే.

కాలేజీల మదింపుకు కొత్త శాసనం ప్రత్యేక బోర్డును నిర్దేశించింది. ఆ బోర్డు బొమ్మలను లెక్కించి సంతకం చేస్తుందా, చివరి సంవత్సరం విద్యార్థిని పిలిచి రెండు నిమిషాలు నొక్కి చూపమంటుందా? నిబంధనలు సభల ముందుకు వచ్చినప్పుడు ఉభయ తెలుగు రాష్ట్రాల సభ్యులు, కాలేజీల సంఖ్యతోపాటు, ఇదీ అడగవచ్చు.