సాయంకాల స్వరాజ్యము

దాసునికిని స్వతంత్రునికిని గల భేదము పనిచేయు వేళలో కానరాదు. ఇరువురును చెమటోడ్చుచునే యుందురు. పని ముగిసిన పిమ్మట మిగిలిన కాలము ఎవరిది అను ప్రశ్నయొద్దనే ఆ భేదము బయటపడును. దాసుని సాయంకాలము యజమానునిది. స్వతంత్రుని సాయంకాలము తనది. ఈ కొలతతో మన నేటి జీవితమును ఒకసారి కొలిచి చూచుకొనుట అవసరమని మేము తలంచుచున్నాము. ఏలయన, 1947లో సంపాదించుకొన్న స్వరాజ్యమునుండి సాయంకాలమను పరగణా ఒకటి నిశ్శబ్దముగా జారిపోవుచున్నది. దానిని పుచ్చుకొనుచున్న సాధనము మన సొమ్ముతో మనమే కొని, రాత్రి తలగడ ప్రక్కన నుంచుకొను ఫోను.

ఈ సాయంకాలము మనకు ఊరక లభించినది కాదు. 1911 నాటి కర్మాగార శాసనము బట్టల మిల్లులలో పురుషులచేత దినమునకు 12 గంటలు పనిచేయించుటకు అనుమతించినది. 1922లో వారమునకు 60 గంటలు, 1934లో ఏడాది పొడవునను నడచు కర్మాగారములకు 54 గంటలు, 1946లో 48 గంటలు హద్దుగా ఏర్పడినవి. 1948 నాటి శాసనము ఆ 48నే స్థిరపరచినది. ఈ అంకెల వెనుక సమ్మెలున్నవి, లాఠీదెబ్బలున్నవి, పస్తులున్నవి. ఆ శాసనములన్నిటికిని ఆధారము మిల్లు ద్వారము. కార్మికుడు లోనికి వచ్చిన వేళయు వెలుపలికి పోయిన వేళయు అచ్చట లెక్కకు దొరకును. కూత కూసినంతనే అతడు తన కాలమునకు తానే యజమాని.

ఫోనునకు ద్వారము లేదు, కూత లేదు. భోజనము ముందర కూర్చున్న ఉద్యోగికి రాత్రి తొమ్మిది గంటలకు పైయధికారినుండి వాట్సాపు సందేశము వచ్చును. తీరికగా చూడుమని అందులో వ్రాసియుండును గాని, ఆ తీరిక ఎంతటిదో ఇరువురికిని తెలియును. చదివినట్లు తెలుపు నీలిగుర్తులు 2014లో వచ్చినది మొదలు, చూచి ఊరకుండుట అవిధేయతక్రింద జమకట్టబడుచున్నది. గుర్తులను ఆపుకొనవచ్చును గదా యందురు. ఆపుకొన్నవానినే అధికారి అనుమానించును. హాజరు ఫోనులో, నివేదిక ఫోనులో, పని జరిగినదనుటకు ఛాయాచిత్రము ఫోనులో. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖమును గుర్తించు హాజరు యాప్‌ను ఉపాధ్యాయులు తమ సొంత ఫోనులలో పెట్టుకొనవలెనన్నప్పుడు ఉపాధ్యాయసంఘములు ఎదురుతిరిగినవి. వారి ప్రశ్న న్యాయమైనది. నల్లబల్లను, సుద్దముక్కను ఇచ్చు బడి, ఫోనును మాత్రము ఉపాధ్యాయుని జేబునుండి ఏల కోరవలెను?

హైదరాబాదు మాధాపురములోని మేడలలో పనిచేయు యువకుల స్థితి మరియొక విధమైనది. న్యూయార్కులో ఉదయము 9 గంటలైనప్పుడు మనకు వారి వేసవిలో సాయంత్రము ఆరున్నర, వారి చలికాలములో ఏడున్నర. అనగా అమెరికా దొర కుర్చీలో కూర్చుండు వేళయు, మన యింట దీపము పెట్టు వేళయు ఒక్కటే. పగలంతయు తన కార్యాలయమునకు పనిచేసినవాడు దీపాలవేళకు మరల చెవులకు యంత్రము తగిలించుకొని సముద్రములకావలివారికి సమాధానము చెప్పుకొనును. ఆ వేళ అతని బిడ్డ తలుపు తట్టినచో, కొంతసేపు ఆగుమని సైగచేయును. ఆ కొంతసేపు ముగియునప్పటికి బిడ్డ నిద్రించియుండును.

దీనిని వెట్టి యన్నచో అతిశయోక్తి యందురేమో. నిజాము రాష్ట్రములో వెట్టిచాకిరి చేసినవారి దుఃఖముతో నెలజీతగాని దుఃఖమును సమానము చేయుట మా యుద్దేశము కాదు. కాని వెట్టికిగల మూడు లక్షణములను లెక్కించి చూడుడు: వేళ లేకుండుట, కూలి లేకుండుట, కాదనుటకు హక్కు లేకుండుట. రాత్రి సందేశమునకు ఈ మూడును గలవో లేవో చదువరులే తీర్పు చెప్పవచ్చును.

ఇంత జరుగుచుండగా, ఇంకను చాలలేదని ఉపదేశించు పెద్దలు గలరు. ఇన్ఫోసిస్ సంస్థాపకులలో నొకరగు నారాయణమూర్తిగారు దేశాభ్యుదయముకొరకు యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని 2023లో చెప్పిరి. వారి దేశభక్తిని మేము శంకింపము. కాని పరప్రభుత్వము 1922లో మిల్లు కూలికి విధించిన హద్దు 60 గంటలు. నూరేండ్ల పిమ్మట, స్వతంత్రభారతములో, దేశముపేర 70 గంటలు కోరుట ముందడుగా, వెనుకడుగా? 2025లో తెలంగాణ ప్రభుత్వము వాణిజ్యసంస్థలలో దినమునకు 10 గంటల పనిని అనుమతించినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అదే సంవత్సరమున కర్మాగారముల దినపు హద్దును 10 గంటలకు పెంచినది. వారపు 48 గంటల హద్దును తీసివేయలేదని సమాధానము చెప్పిరి. సంతోషమే. కాని పదిగంటల దినము 1934 నాటి శాసనములోనిది. ద్వారము దాటిన తరువాత ఫోనులో జరుగు పనినో, ఎవరును లెక్కించుటయే లేదు.

ఇది సాయంకాలముపై దావావేసిన మొదటి ప్రతిపక్షి సంగతి. రెండవ ప్రతిపక్షి వినోదవ్యాపారి. కార్యాలయము విడిచిన ముక్కను అతడు వచ్చి ఏరుకొనును. అలసినవానికి వినోదము కావలెను. దానిని మేము నిందింపము. హరికథయు, తోలుబొమ్మలాటయు, వీధినాటకమును అలసినవారికొరకు పుట్టినవే. తోలుబొమ్మలాట తెల్లవారువరకు సాగినను, తెల్లవారగానే తెర దింపుదురు; మంగళము పాడుదురు. నేటి వినోదమునకు మంగళము లేదు. వ్రేలితో తోయుకొలది క్రింద మరియొకటి వచ్చుచునేయుండు ఏర్పాటును 2006లో ఏజా రాస్కిన్ అను అమెరికా రూపకర్త కల్పించెను. తరువాత ఆయనయే దానివలని కీడును గూర్చి పశ్చాత్తాపము వెలిబుచ్చెను. ఒక దృశ్యము ముగియగానే వేరొకటి తనంతట తానే మొదలగును. నెట్‌ఫ్లిక్స్ అధిపతిగా నుండిన రీడ్ హేస్టింగ్స్ 2017లో తమకు నిద్రయే పోటీదారని బాహాటముగా పలికెను. మనుష్యుని నిద్రను ప్రత్యర్థిగా ఎంచి దానిని ఓడించుటకు పూనుకొన్న వ్యాపారము పూర్వమెన్నడైన నుండెనా?

2016లో చౌకడేటా వచ్చినది మొదలు ఈ బేరము పూరిగుడిసె వరకును ప్రాకినది. చూచువాడు ధర చెల్లింపనవసరము లేదు గనుక ఉచితమనుకొనును. వాస్తవమేమనగా, ప్రకటనదారునకు అమ్మబడు సరుకు చూచువాని చూపే. అతడెంతసేపు చూచిన అంత లాభము. కావున అతనిని లేవనీయకుండుటయే ఆ యంత్రమునకు నేర్పిన విద్య. పదినిమిషములని కూర్చున్నవాడు అర్ధరాత్రి తలయెత్తి చూచి, తాను చూచినవానిలో ఒక్కటియు జ్ఞప్తికి రాక, మరునాటి పనికి అలసటతోనే లేచును. పని అలసటనిచ్చును, అలసట వినోదము చెంతకు పంపును, వినోదము నిద్రను హరించి మరల పనిలోనికి త్రోయును. ఈ గానుగ రెండు వైపులను త్రిప్పునది ఒకే అద్దము.

ఎవరు బలవంతపెట్టిరి, ఫోను కట్టివేయరాదా యని కొందరందురు. మంచిమాటయే. కాని ఉద్యోగము పోవునను భయము ఒకవైపును, వేలకొలది నిపుణులు కూడి పన్నిన వల ఒకవైపును ఉండగా, ఒంటరి మనుష్యుని నిగ్రహముపైననే భారమంతయు మోపుట న్యాయము కాదు. పండ్రెండుగంటల మిల్లు కూలిని గూర్చియు నాటి యజమానులు ఇష్టములేకున్న మానుకొమ్మనియే పలికిరి. శాసనము కలుగజేసికొన్నదాక ఆ యిష్టము ఎవరికిని కలుగలేదు.

మేము యంత్రద్వేషులము కాము. వ్యాజ్యము ఏ స్థితిలోనున్నదో తెలిసికొనుటకు రైతు జిల్లాకోర్టుకు బస్సెక్కి పోవలసిన బాధ నేడు ఫోనువలన తొలగినది. 2020లో బడులు మూతపడినప్పుడు ఎందరో బిడ్డలకు పాఠము ఫోనులోనే వినబడినది. గాంధీమహాత్ముడు 1924లో యంత్రములను గూర్చి సంభాషించుచు సింగరు కుట్టుమిషనును మినహాయించెను. యంత్రము మనుష్యునికి లోబడియుండవలెనన్నదే వారి వాదము. కుట్టుమిషను పని ముగియగానే మూతవేసికొని మూలనుండును. ఫోనును అట్లుంచుట సాధ్యమగునట్టి శాసనమును, ఆచారమును కోరుచున్నాము.

సాయంకాలము పోయిన నేమి నష్టమని అడుగువారికి మన చరిత్రయే బదులు చెప్పును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము, 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము వెలసినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాడెల్టా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపిరి. ఆ పుస్తకములను చదివినవారు పగలు పొలమును, అంగడిని, కచేరిని విడువలేనివారు. వారు చదివినది పని ముగిసిన తరువాత. చర్చించినది పని ముగిసిన తరువాత. సంఘములు పెట్టినదియు పని ముగిసిన తరువాతనే. ఉద్యమమునకు స్వచ్ఛందసేవకులను ఇచ్చినది సాయంకాలము. ఎవరి సాయంకాలమును వారిది కాని దేశములో సభలకు జనము దొరకవచ్చును గాని, పౌరులు దొరకరు.

మహాత్ముడు వారమునకొక దినము, సోమవారమున, మౌనము పాటించెడివారు. 1947 జూన్ 2వ తేదీ సోమవారము. దేశవిభజన ప్రణాళికను గూర్చి వైస్రాయి మౌంటుబాటెను వారితో మాటలాడిన దినము. ఆ దినమునను వారు మౌనమును విడువక, పాత కవరుల వెనుక వ్రాసి తమ భావమును తెలిపిరి. ఒక ఉపఖండము రెండుగా చీలుచున్న వేళ చెడని నియమము, మన కార్యాలయపు లెక్కలపట్టికకై ప్రతిరాత్రియు చెడవలెనా?

కావున మా కోరికలు స్పష్టములు. పనివేళలు ముగిసిన తరువాత వచ్చు పిలుపునకు బదులీయకుండు హక్కు ఉద్యోగికి శాసనమువలన కలుగవలెను. ఫ్రాన్సులో 2017 నుండియు, ఆస్ట్రేలియాలో 2024 నుండియు అట్టి శాసనము అమలులోనికి వచ్చినది. మన లోకసభలో సుప్రియా సూలేగారు ఇట్టి బిల్లును 2018లో ప్రవేశపెట్టగా అది శాసనము కాలేదు. 2025లో మరల ప్రవేశపెట్టిరి. సభ్యుల సొంత బిల్లుగా వదలక, ప్రభుత్వమే దీనిని చేపట్టవలెను. అత్యవసరమైన పనియైనచో అదనపు వేతనముతో చేయించుకొనవచ్చును; వెలగట్టిన వెంటనే అత్యవసరములు ఎన్ని తగ్గునో చూడవచ్చును. రాత్రి పనికి ఫోను కావలెనన్న, దానిని పనియిచ్చువాడే ఈయవలెను. వినోదసంస్థలు దృశ్యములను తమంతట తాము మొదలుపెట్టు ఏర్పాటును, చూచువాడు కోరినప్పుడు మాత్రమే ఉండునట్లు మార్చవలెను.

ఇది క్రొత్త కోరిక కాదు. మన రాజ్యాంగము 43వ అధికరణములో, కార్మికులకు బ్రతుకుదెరువునకు చాలిన వేతనముతోబాటు, విశ్రాంతిని పూర్తిగా అనుభవించు పరిస్థితులును, సాంఘిక సాంస్కృతికావకాశములును కలుగజేయుటకు రాజ్యము యత్నింపవలెనని ఆదేశించుచున్నది. ఆదేశసూత్రములను న్యాయస్థానము అమలుపరుపజాలదని 37వ అధికరణము చెప్పును. కాని దేశపాలనకు అవి మూలములని అదే అధికరణము చెప్పును. న్యాయస్థానము అడుగజాలని దానిని ప్రజలు అడుగవచ్చును. అడుగుటకే శాసనసభలున్నవి.

శాసనము వచ్చుదాక ఊరకుండనవసరము లేదు. ప్రతి కార్యాలయమునను ఉద్యోగులు కూడి, రాత్రి ఎనిమిది దాటిన తరువాత గ్రూపులో ఎవరును బదులీయమని నిర్ణయించుకొనవచ్చును. ఒక్కడు చేసిన ధిక్కారమగును. అందరు చేసిన నియమమగును. నూరేండ్లక్రింద విదేశవస్త్రమును విడిచినప్పుడు మన పెద్దలు శాసనమునకై ఎదురుచూడలేదు. రాట్నము త్రిప్పుటకు వారు ఎన్నుకొన్న గంట, యజమాని ఇచ్చిన గంట కాదు. ఆ గంటను మరల తెచ్చుకొనుటకు మనకు కావలసినది, ఫోనును బోర్లించి పెట్టునంతటి ధైర్యమును, ప్రక్కవాడును అట్లే చేయునను నమ్మకమును మాత్రమే.