దంతవైద్య ప్రవేశపరీక్షయు, రైతు పొలమును



విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు వ్రాయవలసిన మేము ఈ మాసమున పరీక్షను గూర్చి వ్రాయుట చూచి కొందఱు ఆశ్చర్యపడవచ్చును. కాని యీ నడుమ మా ప్రదర్శన క్షేత్రమునకు వచ్చిన యొక రైతు వరినారు మాట విడిచి తమ కూఁతురి చదువు మాట యెత్తిరి. ఆ బాలిక ఒకమాఱు ప్రవేశపరీక్ష వ్రాసినది. దంతవైద్య కళాశాలయందైనను స్థానము లభింపలేదు. ఇఁక నామెను కొత్తగూడలో వసతిగృహమునం దుంచి, 'లాంగుటెర్ము' అను ఏఁడాది శిక్షణ యిప్పింపఁదలఁచి, రెండెకరముల మాగాణి తాకట్టు పెట్టుటకు సిద్ధపడి యుండిరి. "అయ్యా, పెట్టమందురా, వద్దందురా?" అని వారి ప్రశ్న. ఈ ప్రశ్న మన సభ్యులలో పలువురి యిండ్లలో నున్నది గావున మా యభిప్రాయము నిచ్చట విన్నవించుచున్నాము.

మొదట పరీక్ష స్వభావము తెలిసికొనవలెను. దంతవైద్యమునకు వేఱుగా పరీక్ష లేదు. 2016వ సంవత్సరము వఱకు తెలంగాణమున ఎంసెట్టు ద్వారా రాష్ట్రపు స్థానములు నిండెను; 2017 నుండి నీట్ అను నొక్క పరీక్షయే ఎం.బి.బి.యస్.కును, బి.డి.యస్.కును ప్రమాణమైనది. 2025వ సంవత్సరపు పరీక్షలో 180 ప్రశ్నలు, 180 నిమిషములు, 720 మార్కులు. భౌతికశాస్త్రమున 45, రసాయనశాస్త్రమున 45, జీవశాస్త్రమున 90 ప్రశ్నలు. ఒప్పునకు 4 మార్కులు వచ్చును. తప్పునకు 1 పోవును. విడిచినదానికి రాకయు లేదు, పోకయు లేదు. ప్రశ్నపత్రము తెలుఁగున గూడ దొరకును. కాని అనువాదమున సందేహము వచ్చినచో ఇంగ్లీషు పాఠమే చెల్లును. కావున తెలుఁగున చదివిన విద్యార్థి శాస్త్రపదములను రెండు భాషలలోను ఎఱిఁగి యుండుట మేలు.

ఈ లెక్కను బట్టి మొత్తము మార్కులలో సగము, అనఁగా 360, జీవశాస్త్రమునవి. ఇది పాఠ్యపుస్తకమును పంక్తి విడువక చదివినవారికి వశమగు శాస్త్రము. చిక్కుడుజాతి మొక్కల వేళ్ల బుడిపెలలోని రైజోబియము, బి.టి. ప్రత్తి, పుష్పముల పరపరాగ సంపర్కము: ఇవియన్నియు నందలి పాఠములే. రైతుబిడ్డ పొలమున చూచినదానినే పుస్తకమున చదువును గదా! మేము చదివిన మిషను బడిలో ఉపాధ్యాయులు పాఠమును బిగ్గరగా చదివించి, పుస్తకము మూయించి, తిరిగి చెప్పించెడివారు. అంతకు మించిన పద్ధతిని మే మింతవఱకు చూడలేదు.

మేమా రైతుతో, "మన్ను పరీక్షింపక ఎరువు కొనవచ్చునా? ముందు అమ్మాయిచేత పాత ప్రశ్నపత్ర మొకటి వ్రాయింపుఁడు" అంటిమి. ఒక యాదివారము మా కార్యాలయపు వసారాలో ఆ బాలిక గడియారము ముందుంచుకొని మూఁడు గంటలు వ్రాసినది. జీవశాస్త్రమున 52 ఒప్పు, 30 తప్పు: 178 మార్కులు. రసాయనమున 20 ఒప్పు, 10 తప్పు: 70. భౌతికమున 12 ఒప్పు, 9 తప్పు: 39. వెరసి 287. తండ్రి భౌతికశాస్త్రమే తమ బిడ్డను ముంచినదని నమ్మియుండిరి. కాని యందు పోయినవి 141 మార్కులు కాఁగా, ఇంట కూర్చుండి చదువఁదగిన జీవశాస్త్రమున పోయినవి 182!

శిక్షణయే వలదని మేము చెప్పుట లేదు. పల్లెలలోని కళాశాలలలో భౌతికశాస్త్రము చక్కఁగా బోధించువారు అరుదు. అట్టిచోట మంచి గురువునకు ఇచ్చిన సొమ్ము వ్యర్థము గాదు. కాని ఏ లోపమునకు సొమ్మిచ్చుచున్నామో ముందు తెలియవలెను. ఎన్నిమాఱులు వ్రాయింతుమో, ఎంత వ్యయపఱతుమో చేరుటకు ముందే యింటిల్లిపాది కూర్చుండి నిర్ణయింపవలెను. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన మార్గదర్శకములను బట్టి శిక్షణసంస్థలు ర్యాంకు వచ్చునని హామీ యీయరాదు. పదునాఱేండ్లు నిండనివారిని చేర్చుకొనరాదు. నడుమ విడిచినవారికి మిగిలిన కాలపు రుసుమును తిరిగి యీయవలెను. కావున సొమ్ము కట్టినప్పుడెల్ల రసీదు తీసికొనుఁడు.

పొలము మాట కొత్తగూడవారి కొకరు చెప్పనక్కఱలేదు. 1998లో ప్రక్కనే హైటెక్ సిటీ వెలసిన పిమ్మట మన కన్నుల యెదుటనే చేలు మేడలైనవి. పోయిన చేను మరల రాదు. కళాశాలలో స్థానము వచ్చిన పిదప 7.5 లక్షల రూపాయల వఱకు ఆస్తి తాకట్టు లేకయే విద్యాఋణ మిచ్చు పద్ధతి బ్యాంకులలో కలదు. స్థానము రాకమునుపే, ఫలితము తెలియని శిక్షణకై, భూమిని తాకట్టుంచుట వివేకము గాదు.

మఱియొక మాట. దంతవైద్యమును 'ఎం.బి.బి.యస్. రానివారి చదువు' అని చులకన చేయరాదు. నాలుగేండ్ల చదువు, ఒక యేఁడు ఆసుపత్రిలో అభ్యాసము గల గౌరవవిద్య యిది. ఫ్లోరైడు వలని యెముకల వ్యాధిని 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించిరి. నల్లగొండ పల్లెలలో గారపండ్లతో పెరిగిన బిడ్డలను మన మెఱుఁగుదుము. చుట్ట కాల్చువారి, గుట్కా నమలువారి నోటిలోని పుండును ముందుగా పసికట్టఁగలవాఁడు దంతవైద్యుఁడే. పల్లె బాధ నెఱిఁగిన పల్లెబిడ్డయే ఈ విద్య నేర్చుట మన కవసరము.

కావున మన సంఘము చేయవలసిన పని యొకటి కలదు. సంఘభవనమున సాయంకాల మొక గది తెఱచి, పాఠ్యపుస్తకములు నాలుగు ప్రతులు, పాత ప్రశ్నపత్రములు ఉంచి, నెలకొక యాదివారము గడియారము పెట్టి పరీక్ష వ్రాయింపవలెను. దీనికగు వ్యయము ఒక బాలుని శిక్షణవ్యయములో స్వల్పభాగమునకు మించదు. రాఁబోవు సర్వసభ్య సమావేశమున నీ తీర్మానమును మేము ప్రతిపాదింతుము. సభ్యులు బలపఱతురు గాక.

ఆ రైతు మాగాణిని తాకట్టు పెట్టలేదు. బాలిక ఉదయమున ఇంటనే జీవశాస్త్రము చదువుచు, భౌతికశాస్త్రమునకు మాత్ర మొక గురువు నొద్దకు పోవుచున్నది. నారుమడి సిద్ధమైనది, ఇఁక శ్రద్ధగా నీరు పెట్టవలసినదే.