డీజిలే కొనాలట.. ఎందుకో!

మొన్న సంక్రాంతికి రెడ్డిగూడెం వెళ్ళినప్పుడు, సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ కొందామనుకుంటున్నానని నోరు జారా. అంతే! "డీజిలే తీస్కోరా, పెట్రోల్ బండి మేపలేవు" అన్నాడు బాబాయి. హైదరాబాదొచ్చి టీంలో అడిగితే వాళ్ళదీ అదే పాట.

బాబాయిని తప్పుపట్టను. మామిడి తోటలు, నూజివీడు, నున్న మార్కెట్టు.. ఏడాదికి 30 వేల కిలోమీటర్లు తిరుగుతాడు, అదీ డిక్కీ నిండా రసాల పెట్టెలతో. 2011లో వచ్చిన రెండో తరం స్విఫ్టులో 1248 సీసీ డీజిల్ ఇంజను 2000 ఆర్పీఎం దగ్గరే 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. 1197 సీసీ పెట్రోల్ ఇంజను 4000 దగ్గర ఇచ్చేది 114. బరువు లాగాలంటే డీజిలే, కాదన్నదెవరు?

మరి నా సంగతో? ఆఫీసుకి రానూపోనూ 16 కిలోమీటర్లు, 240 రోజులు. ఊరికి మూడుసార్లు. మొత్తం కలిపి 6 వేలు దాటదు. పెట్రోల్ 107, డీజిల్ 95 రూపాయలు, మైలేజీ 16, 20 అనుకుందాం. పెట్రోలుకి 40,125, డీజిలుకి 28,500. మిగిలేది 11,625. అదే ఏడాది మోడల్ డీజిల్ బండికి బ్రోకర్ అదనంగా అడిగింది 80 వేలు! నాకు తిరిగి రావడానికి దాదాపు ఏడేళ్ళు, బాబాయికి ఏడాదిన్నర లోపే. పదేళ్ళు దాటిన బండిలో మధ్యలో ఇంజెక్టర్లో, టర్బోనో పోతే నా లెక్క మళ్ళీ మొదటికే. పైగా ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఇంజను సరిగా వేడెక్కేలోపే ఆఫీసొచ్చేస్తుంది. డీజిలుకి అంతకంటే చెడ్డ అలవాటు లేదు.

అసలీ "డీజిలే" మంత్రం ఎక్కడిది? 2012 మేలో ఢిల్లీలో పెట్రోల్ 73 దాటితే డీజిల్ 41 లోపే. 32 రూపాయల తేడా! అప్పుడది నిజం. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసింది. 2020 ఏప్రిల్లో బీఎస్6 రాగానే మారుతీ డీజిల్ కార్లే మానేసింది. మన బుర్రలు మాత్రం ఇంకా 2012లోనే ఆగిపోయాయి.

సర్వర్ తీసుకునేముందు లోడ్ ఎంతో పదిసార్లు లెక్కేసే మనం, లక్షలు పోసి కారు కొనేముందు మన లోడెంతో ఒక్కసారి చూసుకోం! పక్కవాడి అవసరానికి మన ఈఎంఐ కడతాం.

నేను పెట్రోలే కొంటున్నా. బాబాయి నవ్వితే నవ్వనీ.. ఆయన బండి ఆయనకి కరెక్టు, నాది నాకు :)